టీవీలో అరిచే లేని జనానికి ఒక ఉత్తరం

ఓయ్ నకిలీ అరుపూ,

నీ పుట్టుపూర్వోత్తరాలు కనుక్కునే రాస్తున్నాను. ఫిఫా వీడియో గేమ్ కోసమని ఈఏ స్పోర్ట్స్ వాళ్లు దాచిపెట్టుకున్న జనం హోరు గుట్టలుగా ఉందట, ఈ 2020లో కరోనా వల్ల స్టేడియంలోకి జనాన్ని రానివ్వడం లేదు కాబట్టి టీవీ వాళ్లు దాన్నే తెచ్చి మ్యాచ్‌కి అంటించారట. ఇన్నాళ్లూ ఫుట్‌బాల్‌ని చూసి వీడియో గేమ్ కాపీ కొట్టింది, ఇప్పుడు ఫుట్‌బాల్ వెళ్లి వీడియో గేమ్ దగ్గర అప్పు చేస్తోంది. జూన్ 17 రాత్రి పదిన్నరకి, ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో ఆస్టన్ విలా, షెఫీల్డ్ యునైటెడ్ మ్యాచ్‌తో నువ్వు కృష్ణలంకలోని మా ఇంట్లోకి దిగావు. కరోనా కట్టడికని వీధి మొదట్లో అడ్డంగా కట్టిన వెదురు బొంగులు మాకే గానీ నీకు అడ్డం కాలేదు.

మా విజయవాడకి తోలుకొచ్చిన జనం కొత్త కాదులే. మీటింగ్ అంటే లారీలెక్కించి, చేతిలో బిర్యానీ పొట్లం పెట్టి, నాయకుడు ఎక్కడ ఆగితే అక్కడ చప్పట్లు కొట్టించడం ఈ ఊళ్లో ఎప్పటినుంచో ఉన్నదే. కానీ వాళ్లలో ఒక మంచి ఉంది, ఎండ మండితే మధ్యలోనే లేచి వెళ్లిపోతారు. నీకా గొడవ లేదు. బిర్యానీ అడగవు, విసుక్కోవు, 0-0 మ్యాచ్‌లోనూ తొంభై నిమిషాలు అదే హుషారు. కాకపోతే ఎక్కడో ఎవరో కూర్చుని బటన్ నొక్కాలి కాబట్టి, బంతి గోల్ పోస్టుకి తగిలి బయటికి పోయాక, నేను తల పట్టుకున్నాక, అప్పుడు తీరిగ్గా నీ "ఊఊఊ" వస్తుంది.

మొదటి రోజే నీ సంగతి తెలిసిపోయింది. షెఫీల్డ్ వాళ్ల ఫ్రీ కిక్‌ని విలా గోల్‌కీపర్ నైలాండ్ పట్టుకుని, ఆ బంతితో సహా గోల్ లోపలికి వెళ్లిపోయాడు. సోఫాలో పడుకుని చూస్తున్న నాకు కనిపించింది, బంతి గోల్ గీత దాటితే మోగాల్సిన రెఫరీ చేతి వాచీ మాత్రం మోగలేదు. ఉన్న ఏడు కెమెరాలకీ ఆటగాళ్లూ గోల్ పోస్టూ అడ్డొచ్చాయని ఆ కెమెరాలు పెట్టిన హాక్ ఐ కంపెనీ వాళ్లు తర్వాత క్షమాపణ చెప్పారు. అదే నిజం జనం ఉంటే, ఆ ఊరు దాకా వచ్చిన షెఫీల్డ్ వాళ్లు రెఫరీని ఆ సాయంత్రం ప్రశాంతంగా ఇంటికి పోనిచ్చేవాళ్లా? నువ్వు మాత్రం ఏమీ ఎరగనట్టు అదే హోరు పెట్టుకుని కూర్చున్నావు. మ్యాచ్ 0-0గా ముగిసి ఆ రోజు దక్కిన పాయింటు విలాకి ఎంత పనికొచ్చిందంటే, సీజన్ చివర ఒకే ఒక్క పాయింటు తేడాతో వాళ్లు లీగ్‌లో మిగిలారు, బోర్న్‌మత్, వాట్‌ఫర్డ్ కింది డివిజన్‌కి పోయాయి. అన్యాయం జరిగినప్పుడు గోల చేయడానికి కూడా జనం కావాలి, ఆ బటన్ నీ పెట్టెలో పెట్టలేదు.

అలాగని నువ్వు లేకుండా చూడలేదా అంటే, చూశాను. మే 16న జర్మనీలో డార్ట్మండ్, షాల్కే మ్యాచ్. శనివారం సాయంత్రం ఏడింటికి, అన్నం తినే వేళకి ఫుట్‌బాల్ వచ్చిందన్న ఆనందంలో కూర్చున్నానా, బంతిని తన్నిన చప్పుడు, కోచ్ కేక, అవతలి గోల్‌కీపర్ కేక, అన్నీ విడివిడిగా వినిపిస్తున్నాయి, సెలవు రోజుల్లో కాలేజీ గ్రౌండ్‌లో పిల్లలు ఆడుకుంటున్నట్టే. డార్ట్మండ్ ఆటగాడు హాలాండ్ గోల్ కొడితే తోటివాళ్లు వాటేసుకోకుండా దూరంగానే నిలబడ్డారు. 4-0తో గెలిచాక డార్ట్మండ్ వాళ్లు ఎప్పటి అలవాటు ప్రకారం పాతిక వేల మంది నిలబడే ఆ పసుపు గోడ ముందుకెళ్లి, ఒక్క మనిషి లేని స్టాండుకి నమస్కారాలు పెట్టి వచ్చారు. అది చూడలేకపోయాను. ఏదో ఒక శబ్దం పెట్టండిరా బాబూ అనుకున్నాను. కాబట్టి నిన్ను పిలిచినవాళ్లలో నేనూ ఒకణ్ణి, ఆ మాట దాచను.

అసలు ఆట మళ్లీ మొదలవ్వాలా వద్దా అన్నదాని మీద మా వాట్సాప్ గ్రూపులో జరిగిన చర్చ నువ్వు వినాల్సింది. పటమట మావాడు మాంచెస్టర్ యునైటెడ్ అభిమాని. "ప్రాణాలకంటే ఆట ముఖ్యమా మావా, సీజన్ రద్దు చేసెయ్యాలి" అని ఏప్రిల్ అంతా ప్రవచనాలు చెప్పాడు. అప్పటికి యునైటెడ్ అయిదో స్థానంలో ఉంది, రద్దయితే లివర్‌పూల్‌కి కప్పు దక్కదు, ఇవి కేవలం యాదృచ్ఛికాలు. ఆట మొదలయ్యాక యునైటెడ్ లీగ్‌లో ఒక్కటంటే ఒక్క మ్యాచ్ ఓడలేదు, మూడో స్థానానికి ఎగబాకింది, ఇక మావాడికి వైరస్ మీద ఆసక్తి పోయింది. భవానీపురం వాడిది ఆర్సెనల్. మార్చి 12న వాళ్ల కోచ్ ఆర్టెటాకి పాజిటివ్ వచ్చాకే లీగ్ ఆగింది కాబట్టి, "మొత్తానికి ఈ సీజన్‌లో లీగ్ మీద ప్రభావం చూపింది మేమే" అని చెప్పుకున్నాడు. జూన్ 17 రాత్రి మాంచెస్టర్ సిటీ చేతిలో 3-0తో ఓడాక, రెండో వేవ్ ఎప్పుడొస్తుందో అని అడిగాడు.

ఇక నేను. లివర్‌పూల్. లీగ్ ఆగేనాటికి 25 పాయింట్ల ఆధిక్యం, రెండు విజయాలు చాలు, కప్పు చూసి 30 ఏళ్లు. "అందరూ క్షేమంగా ఉంటే అదే పదివేలు" అని గ్రూపులో పెట్టి, ఫోన్ పక్కన పెట్టి, మిగిలిన తొమ్మిది మ్యాచ్‌లు ఎవరెవరితో ఉన్నాయో మళ్లీ చూసుకునేవాణ్ణి.

మేమేదో చిన్న ఊరి మనుషులం అనుకుందామంటే, అక్కడి పెద్దలదీ ఇదే వరస. వెస్ట్ హామ్ వైస్ చైర్మన్ కారెన్ బ్రేడీ మార్చిలోనే సీజన్ రద్దు చేయాలని రాశారు, అప్పుడు వెస్ట్ హామ్ ఉన్నది 16వ స్థానంలో, గోల్స్ తేడాతో వేలాడుతూ. సొంత గ్రౌండ్లలో కాకుండా వేరేచోట ఆడదామంటే గట్టిగా వద్దన్నది టేబుల్ అడుగున ఉన్నవాళ్లే. సీజన్ పూర్తి చేయకపోతే టీవీ కంపెనీలకి 76 కోట్ల పౌండ్ల దాకా తిరిగి ఇవ్వాల్సి వస్తుందని లెక్కలు బయటికొచ్చాక వేదాంతం తగ్గి షెడ్యూలు వచ్చింది. ఊపిరి ఇబ్బంది ఉన్న పసిబిడ్డ ఇంట్లో ఉన్నాడు, నేను ప్రాక్టీసుకి రాను అని వాట్‌ఫర్డ్ కెప్టెన్ ట్రాయ్ డీనీ అంటే, అతణ్ణీ అతని కుటుంబాన్నీ తిట్టినవాళ్లు కూడా అభిమానులే. జర్మనీలో ఆగ్స్‌బర్గ్ కోచ్ హెర్లిష్ సంగతి వేరే, క్వారంటైన్ హోటల్లోంచి టూత్‌పేస్ట్ కొనుక్కోవడానికి బయటికి పోయి, ఆ మాట తనే ప్రెస్ మీట్‌లో చెప్పి, మొదటి మ్యాచ్‌కి దూరమయ్యాడు. నవ్వుదామంటే, మే 4న మన రాష్ట్రంలో మద్యం షాపులు తెరిచిన రోజున క్యూలు చూసిన కళ్లివి. ధర 75 శాతం పెంచినా కదలని క్యూలవి. పేస్టు కోసం వెళ్లినవాణ్ణి ఏమంటాం.

నీ గురించి ఒక మంచి మాట కూడా చెప్పాలి. నీ అరుపులో తుంపర్లు ఉండవు. ఫిబ్రవరి 19న అటలాంటా, వలెన్సియా మ్యాచ్ కోసం ఇటలీలోని బెర్గామో నుంచి సుమారు 40 వేల మంది మిలాన్ వెళ్లి ఒకరినొకరు వాటేసుకుని అరిచారు, నాలుగు గోల్స్‌కి నాలుగుసార్లు. కొన్ని వారాలకి ఆ ఊళ్లో శవపేటికలు మోయడానికి సైన్యం లారీలు రావాల్సి వచ్చింది. ఆ మ్యాచ్ ఒక జీవ బాంబు అని బెర్గామో ఆసుపత్రిలో ఊపిరితిత్తుల డాక్టరే అన్నాడు. మార్చి 11న మా లివర్‌పూల్ స్టేడియం ఆన్‌ఫీల్డ్‌లో, అట్లెటికో మాడ్రిడ్‌తో మ్యాచ్‌కి 52 వేల మంది, అందులో మాడ్రిడ్ నుంచి వచ్చినవాళ్లే 3 వేల మంది. అప్పటికే స్పెయిన్‌లో వాళ్ల మ్యాచ్‌లకి జనాన్ని వద్దన్నారు, విమానమెక్కి లివర్‌పూల్ వచ్చి అరవడానికి మాత్రం ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆ రాత్రి నేనూ ఇక్కడ మేలుకుని, ఆహా ఏం వాతావరణం అనుకుంటూ చూశాను. ఆ హోరుని ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు ఇంకోలా జలదరిస్తుంది. మా కృష్ణలంకకీ ఈ పాఠం కొత్తది కాదు, ఏప్రిల్‌లో పొద్దుపోక ఒక లారీ డ్రైవరు పేకాటకి కూర్చుంటే 24 మందికి అంటుకుందని కలెక్టరే చెప్పారు.

జూన్ 25 రాత్రి, అంటే మాకు 26 తెల్లవారుజాము రెండున్నర దాటాక, చెల్సీ చేతిలో సిటీ 2-1తో ఓడింది, లివర్‌పూల్ చాంపియన్. మావాళ్లు ఆ రోజు ఆడనే లేదు, ఇంకొకడు ఓడితే కప్పొచ్చింది, ఈ సీజన్‌కి అదీ తగినదే. నేను ఆపుకోలేక అరిచేశాను. నీలాగా కాదు, గొంతు చించుకుని. రెండు నిమిషాలకి పక్కింటి బాబాయిగారి ఇంట్లో లైటు వెలిగింది, ఆ వెంటనే నాన్న ఫోన్ మోగింది. "అన్నయ్యగారూ, ఎవరికైనా సీరియస్‌గా ఉందా? అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యమంటారా?" ఆ రోజుల్లో అర్ధరాత్రి ఇంట్లోంచి కేక వినపడితే దానికి ఒకటే అర్థం. ఫుట్‌బాల్ అని చెప్పడానికి నాన్నకి నోరు రాలేదు, పిల్లాడు కలలో అరిచాడని చెప్పారు. అమ్మ నన్నేమీ అనలేదు, రిమోట్ తీసుకుని నీ వాల్యూమ్ తగ్గించి వెళ్లి పడుకుంది. జూలై 22న ఖాళీ కాప్ స్టాండు మీద వేదిక కట్టి కప్పు ఇచ్చినప్పుడు నేను దిండు నోట్లో కుక్కుకుని చూశాను. నువ్వు మాత్రం హాయిగా అరిచావు.

ఇంకో వింత చెప్తాను. మా ఊళ్లోనూ స్టేడియం ఉంది, బందరు రోడ్డులో ఇందిరా గాంధీ స్టేడియం, 2002లో వెస్టిండీస్‌తో వన్డే ఆడింది అక్కడే. జూలైలో మా మేనమామని కరోనా పరీక్షకి తీసుకెళ్లింది ఆ స్టేడియానికే. పరీక్షల బస్సు దగ్గర శాంపిల్ ఇవ్వడానికి జనం క్యూ కట్టారు, ఎడం ఎడంగా, తలలు దించుకుని, ఒక్కరూ మాట్లాడటం లేదు, దగ్గొచ్చినా మింగుతున్నారు పక్కవాడు చూస్తాడని. నాకు నువ్వు గుర్తొచ్చావు. నీ దగ్గర లక్షల గొంతులున్నాయి, మనుషుల్లేరు. ఇంగ్లండ్‌లో ఆటగాళ్లకి వారానికి రెండుసార్లు పరీక్ష, మామయ్యకి ఫలితం మెసేజ్ వచ్చేసరికి జ్వరం తగ్గి, ఆవకాయ వేసుకుని అన్నం కూడా తిన్నాడు. సీజన్ జూలై 26న ముగిసింది, 29న మన రాష్ట్రంలో ఒక్క రోజు కేసులు పది వేలు దాటాయి. ఈ రెండు వార్తలూ ఒకే ఫోన్‌లో చదివి, మొదటిదాని గురించే ఎక్కువసేపు మాట్లాడుకున్నాం.

నిన్ను చూసి సిగ్గుపడాలో, నీకు రుణపడి ఉన్నానో ఇంకా తేలలేదు. ఇంగ్లండ్ వాళ్లకి నువ్వున్న చానెల్ ఒకటి, నువ్వు లేని చానెల్ ఒకటి ఇచ్చారట, ఎవరికి కావాల్సింది వాళ్లు చూసుకోవచ్చు. నాకు మా కేబుల్ ఏది ఇస్తే అదే. ఇచ్చినా నిన్నే పెట్టుకునేవాణ్ణేమో. ఆన్‌ఫీల్డ్‌లో నేనెప్పుడూ కూర్చున్నది లేదు, కూర్చునేదీ డౌటే, నా వరకు అక్కడి జనం ఎప్పుడూ ఈ డబ్బాలోంచి వచ్చే హోరే. నేనిక్కడ అరిచింది అక్కడ ఎవరికీ వినపడిందీ లేదు. ఈ ఏడాది లివర్‌పూల్‌లో ఉన్నవాళ్లకి కూడా నా గతే పట్టింది, అంతే.

సెప్టెంబర్ 12న కొత్త సీజన్ అంటున్నారు, 19న దుబాయ్ వైపు ఐపీఎల్. నీకిక చేతి నిండా పని. క్రికెట్‌కి వెళ్తే మాత్రం అక్కడి "ఊఊఊ" సరిపోదు, ఈలలు నేర్చుకో, అవుటైనవాడి ఇంటిపేరు ఎత్తడం నేర్చుకో, మనవాళ్లు ఊరుకోరు.

ఇట్లు,
వాల్యూమ్ తగ్గించి పెట్టుకున్న ఒక లివర్‌పూల్ అభిమాని,
కృష్ణలంక, విజయవాడ.

తా.క.: యునైటెడ్‌కి పెనాల్టీ ఇచ్చిన ప్రతిసారీ నువ్వు కాస్త ఎక్కువ హుషారుగా అరుస్తున్నావని మావాళ్ల అనుమానం. ఆ బటన్ దగ్గర కూర్చున్నవాడిది ఏ టీమో కనుక్కుని చెప్పు.