రొంపకు రాత్రి దర్బారు

శ్రీకాకుళం జిల్లాలో పిల్లల జ్వరాలకు ఒక క్రమశిక్షణ ఉంది. పొద్దున్న ఓపీ నడిచినంతసేపూ అవి ఒళ్లు దాచుకుంటాయి. రాత్రి భోజనాలయ్యాక బయటపడతాయి. సాయంత్రమయ్యే కొద్దీ ఒంటి వేడి కాస్త పెరగడం సహజమేనని డాక్టర్లంటారు గానీ, మా ఇంట్లో అందరి గురీ దిష్టి మీదే.

మొన్న శనివారం రాత్రి పదకొండున్నరకి మా నాలుగేళ్లవాడు వరసగా మూడు తుమ్ములు తుమ్మాడు. థర్మామీటరు 101 చూపించింది. "గుంటడి ఒళ్లు పెనంలా కాలిపోతంది, ఏటలా సూత్తన్నావురా?" అంది మా అమ్మ. హైదరాబాదులో ఉన్న బావమరిది వీడియో కాల్లో వాణ్ణి పరీక్షించి "రిస్కెందుకు బావా" అన్నాడు. ఆ మాట తర్వాత ఏ ఇంట్లోనూ ఎవరూ పడుకోరు. 108కి చేద్దామన్నారు కూడా. 2005 నుంచి తిరుగుతున్న ఆ బండి ప్రాణం మీదికొచ్చిన వాళ్లదన్న చిన్న మొహమాటం అడ్డొచ్చి, ఆరుగురం ఒక్క ఆటో ఎక్కాం.

సర్కారు ఆసుపత్రి క్యాజువాలిటీకి, అదే ఎమర్జెన్సీ వార్డుకి, మా వెనకే జీడితోటలో పాము కరిచిన మనిషిని తెచ్చారు. డాక్టరమ్మ, నర్సులు ఆయన చుట్టూనే. ఆయన నోరెత్తలేదు గనక మేం ఎత్తాం. ముందొచ్చింది మేమే కదా, వరస అంటూ ఒకటి ఉండాలా వద్దా?

చివరికి డాక్టరమ్మ వచ్చి అడిగింది. ఆయాసపడుతున్నాడా, ఊపిరికి డొక్కలు లోపలికి పోతున్నాయా, ఫిట్స్ వచ్చాయా, నీళ్లు తాగడం మానేశాడా, మగతగా ఉన్నాడా? అన్నిటికీ సిగ్గుపడుతూ లేదనే చెప్పాం. "రెండు నెలల లోపు బిడ్డయితే జ్వరం ఒక్కటి చాలు, అర్ధరాత్రయినా తేవాల్సిందే. మీవాడు అదిగో, సెలైన్ స్టాండు ఎక్కుతున్నాడు" అంది. బరువు చూసి పారాసిటమాల్ సిరప్పు రాసింది. అది మా ఫ్రిజ్ తలుపులో ఉన్నదే.

"సూదెయ్యరేటమ్మా? ఇంత దూరమొత్తే ఉత్త సీటీ ముక్క ఇచ్చి పంపేత్తారేటి?" అంది మా అమ్మ. వైరస్ రొంపకి యాంటీబయాటిక్ పనిచెయ్యదని డాక్టరమ్మ చెబితే, మా అమ్మ ఆవిడ చదువునే అనుమానించింది.

నన్నడిగితే ఆ గుమ్మం మీద క్యాజువాలిటీ బోర్డు పీకేసి "రాత్రి ఓపీ" అని రాయించాలి. పగలు ఓపీకెళ్తే కూలివాడికి కూలి పోతుంది, నాకు సీఎల్ పోతుంది. మన తీరిక వేళలు కనిపెట్టి తెరిచి ఉంచే సర్కారు గుమ్మం అదొక్కటే. పక్కనే ఒక ముసలమ్మకు ఉద్యోగమిచ్చి కూర్చోబెట్టాలి. వచ్చినవాళ్లకి "తెల్లారేదాకా సూద్దాం, పడుకోండర్రా" అని చెప్పడమే ఆవిడ డ్యూటీ. పూర్వం ఈ పని ప్రతి ఇంట్లో జీతం లేకుండా జరిగేది. మా ఇంట్లో ఆ పోస్టు ఖాళీగా ఉందని వేరే చెప్పక్కర్లేదు.

తిరుగు ఆటోలో వాడు నా ఒళ్లో నిద్రపోయాడు. చెయ్యి వేసి చూస్తే నుదురు చల్లగా ఉంది. ఏడురోడ్ల కూడలి దాటాక మా అమ్మ రెండుసార్లు దగ్గింది.

డ్రైవరు బండి నెమ్మది చేసి వెనక్కి తిరిగాడు. "మల్లీ ఎనక్కి తిప్పమంతారా, బావూ?"