మామగారికి రక్తం పట్టింది

నాకు ఐదో నెలలో పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 9 గ్రాములే ఉంది. గర్భిణికి కనీసం 11 ఉండాలంటూ ఏఎన్ఎం గారు ఎర్ర మాత్రల అట్టలు ఇచ్చి, మా వరండాలోనే చిన్న ఉపన్యాసం చెప్పారు. ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్. రోజుకు రెండు వేసుకోవాలి. టీతో వద్దు, నిమ్మరసంతో మంచిది. కాల్షియం మాత్రకూ దీనికీ రెండు గంటలైనా ఎడం ఉండాలి. అత్తగారు తలూపారు, నేనూ ఊపాను. పేపరు చాటున ఉన్న మామగారు మాత్రం విననట్టే కూర్చున్నారు.

పలాస దగ్గర జీడితోటను ఒంటిచేత్తో సాకిన మనిషాయన. ఈమధ్య పొద్దున్నే కళ్లు తిరుగుతున్నాయి. డాక్టరు దగ్గరకు వెళితే లేని రోగం అంటగడతారన్నది ఆయన సిద్ధాంతం.

మాత్రలు లెక్కకు మించి తరగసాగాయి. ఎలుకలేమో అన్నాను. ఎలుకలకు రక్తహీనత ఏమిటని అత్తగారు నా వైపే అనుమానంగా చూశారు. "వికారమని పెరట్లో పారేస్తున్నావా అమ్మా?" అని అడిగి, ఆ పూట నుంచి తోటకూర, మునగాకు, చోడి అంబలితో నా మీద దండెత్తారు.

ఒకరోజు తెల్లవారుజామున మామగారు దొడ్లోంచి పాలిపోయిన ముఖంతో వచ్చారు. టీ వద్దన్నారు. బీరువాలోంచి పట్టాదారు పాసుపుస్తకాలు తెమ్మన్నారు. "పెద్దవాణ్ణి విశాఖ నుంచి రమ్మనండి. లోపల రక్తం పోతోంది. తారులా నల్లగా... మా పెద్దనాన్న కూడా ఇలాగే పోయాడు."

బావగారు దొరికిన రైలు ఎక్కి వచ్చారు. ఆసుపత్రికి వెళదామంటే మామగారు ముందు పంపకాలన్నారు. నూతి పక్క చెట్లు ఎవరికన్న దగ్గర అన్నదమ్ముల గొంతులు లేచాయి. నాన్న బతికే ఉన్నాడన్న సంగతి ఇద్దరూ మరిచారు.

సరిగ్గా అప్పుడే నా మాత్రల లెక్క చూడటానికి ఆశా కార్యకర్త వచ్చింది. సంగతి విని, "నల్లగానా? ఇనుము మాత్ర వేసుకుంటే అంతే కదా, మీ కోడలికీ అలాగే..." అంటూ ఆగిపోయింది.

అందరం మామగారి వైపు చూశాం. ఆయన తన చొక్కా జేబు వైపు చూసుకున్నారు. అందులోంచి ఖాళీ అట్ట అంచు కనిపిస్తోంది.

"బడి పిల్లలకు గులాబీ రంగు మాత్ర, ఎదిగే పిల్లలకు నీలం, తల్లులకు ఎరుపు. మామగార్లకు ప్రభుత్వం ఇంకా ఏ రంగూ ఖాయం చేయలేదు బాబూ! కళ్లు తిరిగితే బీపీ చూపించుకోవాలి. ఈ మాత్రలు మానాక కూడా నలుపు తగ్గకపోతే మాత్రం వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లాలి" అందామె.

మామగారు పాసుపుస్తకాలు సర్దుకుంటూ, "ఊరికే అడుగుతున్నానమ్మా... ప్రసవం అయ్యాక కూడా ఇవి ఇస్తారా?" అన్నారు.

"ఇస్తాం, 180 రోజులు."

అత్తగారు లేచి, మిగిలిన అట్టలన్నీ పాసుపుస్తకాలతో పాటు బీరువాలో పెట్టి, తాళంచెవి కొంగుకు ముడివేసుకున్నారు.