బ్రాడీపేట నుంచి చేతి ఈసీజీ మిషను గారికి

మహారాజశ్రీ చేతి ఈసీజీ మిషను గారి సముఖమునకు,

గుంటూరు బ్రాడీపేట నుంచి రిటైర్డ్ ఫిజికల్ సైన్స్ టీచరమ్మ నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

అలవాటు కొద్దీ ఉభయకుశలోపరి అని రాసేశాను గానీ, నా కుశలం సంగతి తమరే సెలవివ్వాలి. ఇచ్చారు కూడా. కాకపోతే నాకు కాదు, డల్లాస్‌లో ఉన్న మా పెద్దాడికి. రెండు బొటనవేళ్ళూ తమ రేకుల మీద ఆనించి, కదలకుండా మెదలకుండా కూర్చున్న నాకు మాత్రం తెర మీద ఒక సున్నా గిర్రున తిరుగుతూ "పంపుతున్నాము, దయచేసి ఆగండి" అని చూపించారు. ఎవరికండీ పంపుతున్నారు? ఆ వేళ్ళు ఎవరివి? ఆ గుండె ఎవరిది?

సంక్రాంతికి వచ్చినప్పుడు మావాడు తమర్ని పెట్టెలోంచి తీసి నా ఒళ్ళో పెట్టాడు. "అమ్మా, రోజూ ముప్ఫై సెకన్లు, అంతే" అన్నాడు. నా ఫోనులో యాప్ వాడే వేశాడు. అకౌంటు వాడి ఈమెయిలు మీద, పాస్‌వర్డు వాడికే ఎరుక. ఈ భాగస్వామ్యంలో నా వాటా గుండె ఒక్కటే.

మొదట్లో తమరంటే నాకు గౌరవమే ఉండేది, అబద్ధం ఎందుకు. గుండె పుట్టించే కరెంటు చర్మం మీదికి వచ్చేసరికి ఒక మిల్లీవోల్టు దరిదాపుల్లో ఉంటుంది. టార్చిలైటులో వేసే బ్యాటరీ 1.5 వోల్టులు. అందులో పదిహేను వందలో వంతు! ఇంట్లో గోడల నిండా 50 హెర్ట్జ్ కరెంటు హోరు పెడుతుంటే దాని మధ్యలోంచి ఆ పిసరంతను ఏరుకుని గీత గీయడం మాటలు కాదు. జిల్లా పరిషత్ స్కూల్లో గాల్వనోమీటర్ ముల్లు కదిలించి చూపడానికే నానా అగచాట్లూ పడ్డదాన్ని, ఆ కష్టం నాకు తెలుసు. ఇంకో మేలు కూడా చేశారు. రీడింగ్ తీసేటప్పుడు మాట్లాడకూడదన్న తమరి షరతు పుణ్యమా అని మా ఆయన రోజుకు ముప్ఫై సెకన్లు నోరు మూసుకుంటున్నారు. పెళ్ళయిన దగ్గర్నుంచి నా వల్ల కాలేదు.

మరి గురువారం ఏం పుట్టింది తమరికి?

ఆవకాయ పెట్టే రోజది. తెల్లారకుండానే కాయలు కొట్టించుకొచ్చి, ముక్క ముక్కా పొడిగుడ్డతో తుడిచి, జీడి తీసి, టెంకకు అంటుకున్న పొర గీకి, పాత పంచె మీద ఆరబోశాను. ఆవపిండీ కారమూ ఉప్పూ కొలిచి బేసిన్‌లో కలిపాను. నువ్వుల నూనె డబ్బా మూత తీశాను. సరిగ్గా అప్పుడు మా ఆయన "ఏమోయ్, పెద్దాడు రీడింగ్ ఏదని అడుగుతున్నాడు" అంటూ తమర్ని పట్టుకొచ్చారు. చేతులు తుడుచుకుని వేళ్ళు ఆనించాను. ఇక్కడ ఉదయం 10 అయితే అక్కడ రాత్రి 11.30. మావాడు పడుకోలేదు.

సున్నా తిరగడం ఆగేలోపే మా ఆయన ఫోను మోగింది. ఆయన మొహం పాలిపోయింది. "నువ్వు కూర్చో, నువ్వు కూర్చో" అంటున్నారే తప్ప ఎందుకో చెప్పరు. ఈలోపు కింది ఫ్లాటు అమ్మాయి "పిన్నిగారూ" అంటూ చెప్పులు లేకుండా పరిగెత్తుకొచ్చింది. వాచ్‌మన్ లిఫ్టు పట్టుకుని నిలబడ్డాడు. మావాడి క్లాస్‌మేట్ విజయవాడలో బెంజ్ సర్కిల్ దాటేశానని ఫోను. నరసరావుపేట నుంచి మా వియ్యపురాలు ఏడుపు. తెనాలి నుంచి మా ఆడపడుచు బయల్దేరిందట. నేను ఆవపిండి చేతుల్తో మధ్యలో కూర్చుని ఒక్కొక్కరి మొహమూ చూస్తున్నాను. మా ఇంట్లో ఎవరికో ఏదో అయిందని అర్థమైంది. ఆ ఎవరో నేనేనని తెలియడానికి కాసేపు పట్టింది. అప్పుడు తీరుబడిగా తెర మీద ఎర్రక్షరాలతో వేశారు: "ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉండవచ్చు. వైద్యుణ్ణి సంప్రదించండి."

అంటే గుండె లయ తప్పడమట. ఉండవచ్చట! ఆ "వచ్చు" డల్లాస్ చేరేసరికి "ఉంది" అయింది. తెనాలి చేరేసరికి "వచ్చేసింది" అయింది.

కొత్తపేటలో డాక్టరు బోర్డు లేని గోడ వెతికి పట్టుకోవాలి గదా, ఒక ఆస్పత్రిలో దించారు. గుండె డాక్టరు గారు ఎవరికో స్టెంటు వేస్తున్నారు, కూర్చోమన్నారు. కూర్చున్నాం. మధ్యాహ్నమంతా కూర్చున్నాం. అన్నాల వేళ దాటింది. పక్క కుర్చీలో పెద్దాయన "మీకేంటమ్మా" అని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. నొప్పి లేదు, ఆయాసం లేదు, దడ లేదు, ఆకలి ఒక్కటే ఉంది. చివరికి లోపల పడుకోబెట్టి, ఛాతీ మీద ఆరు, కాళ్ళకూ చేతులకూ నాలుగు, మొత్తం పది చోట్ల వైర్లు తగిలించి, పన్నెండు లీడ్ల ఈసీజీ తీశారు. ఎందుకైనా మంచిదని ఎకో. ఎందుకైనా మంచిదని రక్తపరీక్షలు. బిల్లు కూడా ఎందుకైనా మంచిదన్నట్టే వేశారు.

డాక్టరు గారు ఆ కాగితం ఇటు తిప్పి అటు తిప్పి "అమ్మా, మీ గుండె లయ బాగానే ఉంది. మధ్యమధ్య ఒక బీటు తొందరపడి ముందే పడుతోంది, అంతే. మీ విషయంలో దానికి మందు కూడా అక్కర్లేదు" అన్నారు. మావాడు పంపిన తమరి గీత చూసి నవ్వారు. "ఇందులో సగం మీ చేతి వణుకేనమ్మా" అన్నారు.

తమరి గుట్టు అప్పుడు తెలిసింది. ఆస్పత్రి మిషను గుండెను పన్నెండు వైపుల నుంచి చూస్తుంది. తమరు ఒకే ఒక్క వైపు నుంచి, కుడిచేతికీ ఎడమచేతికీ మధ్య తొంగిచూస్తారు. పొడుగాటి ముళ్ళ మధ్య ఎడం సమానంగా ఉందా లేదా అని కొలుస్తారు. ముల్లుకు ముందు రావలసిన చిన్న బుడిపె ఉందా అని వెతుకుతారు. నా తొందరపాటు బీటు వల్ల ఎడం తప్పింది. చేతి కండరాల వణుకులో బుడిపె మునిగిపోయింది. దాంతో తీర్పు ఇచ్చేశారు. పోనీ, అనుమానం రావడం తప్పని నేను అనను. అనుమానం వస్తే ఏం చెయ్యాలి? "అమ్మా, ఇంకోసారి పెట్టండి, మోచేతులు బల్ల మీద ఆనించండి" అని నాతో ఒక ముక్క అంటే తమరి సొమ్మేం పోయింది?

ఇంటికొచ్చేసరికి మా ఆడపడుచు గుమ్మంలో ఎదురొచ్చింది. "ముక్కలు పాడైపోతాయని నేనే కలిపేశాను వదినా. చేతులు శుభ్రంగా కడుక్కునే కలిపాను" అంది. కడుక్కుని! తుడుచుకుందో లేదో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆదివారం మూత తీస్తే పైన తెల్లగా బూజు. జాడీ జాడీ పోయింది. ఆమెను ఏమంటాను, పరిగెత్తుకొచ్చిన మనిషిని. ఆ మాటకొస్తే ఆవకాయ ఉన్నా నాకు యోగం లేదు. రిపోర్టులన్నీ నార్మల్ అని చూసిన తర్వాత కూడా మావాడు "అమ్మా, ఈ ఏడాదికి ఊరగాయలు బంద్, ఉప్పు మంచిది కాదు" అని తీర్మానం చేశాడు. గుంటూరులో!

పరామర్శలు ఇంకా నడుస్తున్నాయి. యాపిల్ పళ్ళూ హార్లిక్సూ గూట్లో పట్టడం లేదు. వచ్చినవాళ్ళకు ఏమీ లేదని చెబితే కాస్త చిన్నబుచ్చుకుంటున్నారు కూడా.

తమరి చుట్టాల సంగతి నాకు తెలియనిదేం కాదు. 2021లో ఆక్సీమీటరును వేలికి తగిలించుకుని తిరిగిన రోజుల్లో, మా ఆయన ఎదురుగా నిలబడి నా వేలిని తలకిందులుగా చదివి 86 అని కేక పెట్టారు. ఉన్నది 98. తిప్పి చూడండి, అంకె అలాగే తగలడుతుంది. బీపీ మిషను గారేమో కాఫీ తాగి అరగంట అవ్వాలి, వీపు ఆనాలి, కాళ్ళు నేలకు ఆనాలి, అయిదు నిమిషాలు ప్రశాంతంగా కూర్చోవాలి అంటారు. అంత ప్రశాంతత మా ఇంట్లో ఉంటే బీపీ ఎందుకు వస్తుంది? మా అల్లుడి వాచీ అయితే భోజనం మధ్యలో లేచి నిలబడమంటుంది. వాళ్ళందరినీ క్షమించాను. వాళ్ళు నా ముందే కూస్తారు, నా ముందే ఊరుకుంటారు.

చాడీలు మోసే బుద్ధి మాత్రం తమరి వంశంలోనే ఉంది. పాత టీచర్ని గదా, వంశవృక్షం తిరగేశాను. హాలండ్‌లో లైడెన్ ఊళ్ళో ఐంథోవెన్ అనే ఆయన గుండె గీత గీసే యంత్రం కట్టాడు. 1924లో నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు. దాని బరువు 270 కిలోల దాకా, నడపడానికి అయిదుగురు మనుషులు. రోగి రెండు చేతులూ ఒక కాలూ ఉప్పునీళ్ళలో పెట్టుకుని కూర్చోవాలి. ఆ మహా యంత్రాన్ని ఆస్పత్రికి మోయలేక, 1905లో ఆస్పత్రిలో ఉన్న రోగి గుండెను టెలిఫోను తీగ మీద కిలోమీటరున్నర దూరంలో ఉన్న తన ప్రయోగశాలకు రప్పించాడు. అంటే తమరు పుట్టీ పుట్టగానే చేసిన పని, ఒకరి గుండె సంగతి ఇంకొకరికి మొయ్యడం! అయితే ఆయనకు ఒక సాకుంది. డాక్టరు అక్కడున్నాడు, గీత అక్కడికే వెళ్ళాలి. మా పెద్దాడు డాక్టరు కాదు. సాఫ్ట్‌వేరు.

ఇక మర్యాదలు చాలు. విను.

నా కడుపున పుట్టినవాడికి నా మీద బెంగ ఉండటం నాకు సంతోషమే. పద్నాలుగు వేల కిలోమీటర్ల అవతల అర్ధరాత్రి వాడు ఆ ఎర్రక్షరాలు ఒంటరిగా చదువుకుని ఎంత వణికాడో, ఆ వణుకు నా చేతిలో లేదు. దాన్ని నువ్వు పుట్టించావు. నేను పక్కనుంటే "ఏం లేదురా, పిచ్చి మిషను" అని నా గొంతుతో చెప్పేదాన్ని. ఆ అవకాశం నాకు లేకుండా చేశావు. ముప్ఫై ఏళ్ళు వందల మంది పిల్లలకు జ్వరమొస్తే నుదురు ముట్టుకుని ఇంటికి పంపాలా వద్దా నిర్ణయించినదాన్ని, నా ఒంటి సంగతి నాకు చెబితే తట్టుకోలేనని ఎవరు చెప్పారు నీకు? అరవై దాటితే ముందు పిల్లలకు చెప్పాలని ఎవరు నేర్పారు? ఇంటిగుట్టు లంకకు చేటు అన్నారు. లంకలో అది చెయ్యడానికి ఒక తమ్ముడు కావలసి వచ్చింది. ఇక్కడ దుకాణంలో డబ్బిచ్చి కొనుక్కొచ్చుకున్నాం.

పైగా అసలు భయపడవలసినప్పుడు నువ్వు పనికిరావు. నీ పుస్తకంలో చీమతల అక్షరాల్లో అది కూడా రాసే ఉంది, గుండెపోటును నువ్వు గుర్తుపట్టలేవని. ఛాతీలో నొప్పి వచ్చిన రోజున నిన్ను వెతుక్కుంటూ కూర్చోను. 108కి ఫోను చేస్తాను.

నిన్ను బీరువా మీదికి ఎందుకు గిరాటెయ్యలేదంటే, మా అన్నయ్య వల్ల. ఆయనకు అప్పుడప్పుడు రాత్రిపూట గుండెదడ. ఆస్పత్రికి వెళ్ళేసరికి తగ్గిపోయేది, అక్కడ ఈసీజీ శుభ్రంగా వచ్చేది. "నీదంతా భ్రమ" అని అందరం నవ్వాం. నీలాంటి దాన్నే ఒకదాన్ని తలగడ పక్కన పెట్టుకుని, ఒకరాత్రి దడ ఉండగానే పట్టాడు. ఆ గీత చూసిన డాక్టరు నవ్వలేదు. నిజంగానే ఏట్రియల్ ఫిబ్రిలేషన్. పై గదులు సరిగ్గా ముడుచుకోకుండా వణుకుతుంటే అక్కడ రక్తం నిలిచి గడ్డకడుతుందట, ఆ గడ్డ మెదడుకు వెళితే పక్షవాతమట, ఆ ముప్పు మామూలు మనుషులకంటే దాదాపు అయిదు రెట్లట. రక్తం పలచబడే మందు మొదలుపెట్టారు. ఇవాళ మా అన్నయ్య మంచి మాటకారిగా తిరుగుతున్నాడంటే అందులో మీవాళ్ళ చెయ్యి ఉంది. కాదనను. ఆయన గీత ముందు ఆయనే చూసుకున్నాడు, అదీ నీకు గుర్తు చేస్తున్నాను.

కింది ఫ్లాటు అమ్మాయి చేత పాత అకౌంటు తీయించేశాను. ఇప్పుడు ఈమెయిలు నాది, పాస్‌వర్డు నాది. పెద్దాడు రాత్రి ఫోను చేసి "అమ్మా, నీ రీడింగులు రావట్లేదు, నెట్ పోయిందా" అన్నాడు. నెట్ బాగానే ఉందిరా, నేనే పోనివ్వలేదన్నాను. కాసేపు అలిగాడు. అలగనీ.

రేపు పొద్దున ఏడింటికి కూర్చుంటాను. మోచేతులు బల్ల మీద ఆనిస్తాను, ఊరికే కదలను. నీకు ఏం కనిపించినా సరే, మంచైనా చెడైనా, నాకు చెప్పు. వాడికి ఎప్పుడు చెప్పాలో, ఎంత చెప్పాలో నేను చూసుకుంటాను.

ఇట్లు,
యజమానురాలు