సవరణ: అన్నదాత సుఖీభవ ఎకరానికి కాదు, కుటుంబానికి

మొన్న నేను పెట్టిన పోస్టులో, ఆంధ్రప్రదేశ్‌లో రైతులకిచ్చే అన్నదాత సుఖీభవ కింద ఎకరానికి 20,000 వస్తుందని, కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ 6,000 దానికి అదనమని రాశాను. రెండూ తప్పే.

ఏడాదికి 20,000 అనేది ఒక రైతు కుటుంబానికి. అరెకరం ఉన్నా, నాలుగెకరాలు ఉన్నా అంతే. పీఎం కిసాన్ 6,000 అందులో కలిసే ఉంది. రాష్ట్రం వేసేది 14,000. ప్రభుత్వ మార్గదర్శకాలు చదివి, రైతు సేవా కేంద్రంలో అడిగి ఖాయం చేసుకున్నాను.

పొరపాటు ఎక్కడ జరిగిందంటే, మాది తిరువూరు వైపు, చుట్టాలంతా మధిర వైపు. అక్కడ తెలంగాణ రైతు భరోసా ఎకరం లెక్కే: సీజనుకు 6,000, ఏడాదికి 12,000. ఆ లెక్క తెచ్చి ఈ పథకానికి అంటగట్టాను.

నా పోస్టు చూసి మా బాబాయ్ పాస్‌బుక్ పట్టుకొచ్చాడు. 2025 ఆగస్టు మొదటి విడత రెండు వరుసల్లో పడింది, ఒకటి 5,000, ఇంకోటి 2,000. "మూడెకరాలకి అరవై వేలన్నావు, ఏడు వేలేంట్రా?" అన్నాడు. ఆ 2,000 కేంద్రానిది, 5,000 రాష్ట్రానిది. ఏడూ ఏడూ ఆరూ, మూడు విడతలు కలిపితేనే 20,000.

పీఎం కిసాన్‌లో కుటుంబమంటే భార్య, భర్త, మైనర్ పిల్లలు. మొగుడూ పెళ్లాల పేర్లమీద వేర్వేరు పాస్‌పుస్తకాలున్నా రెండుసార్లు రాదు. ఇది అప్పుడు రాయనేలేదు.

పాత పోస్టు తీసేశాను. గ్రూపుల్లో పంపినవాళ్లు ఇది కూడా పంపండి.