చెక్కుబంది సరే, కొలత ఏది?

తిరుపతి చుట్టుపక్కల ఒక ఎకరా చేతులు మారిందంటే దానికి మూడు పటాలు పుడతాయి. రిజిస్ట్రేషన్ కోసం దస్తావేజు లేఖరి గీసే చేతిపటం ఒకటి. సబ్‌డివిజన్, మ్యుటేషన్ల కోసం సర్వేయర్ వేసే స్కెచ్ రెండోది. కొన్నేళ్లకు అక్కడే గోదామో లేఅవుటో వేద్దామనుకుంటే తుడాకు (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థకు) పెట్టే ప్లాను మూడోది. గీసేవాళ్లు ముగ్గురు, కొలతలూ మూడు రకాలు. మొదటి రెండింట్లో ఉన్న తేడా మూడోదాని దగ్గర బయటపడుతుంది. అప్పటికి అమ్మినాయన డబ్బు ఖర్చుపెట్టేసి ఉంటాడు.

పటాన్ని కాగితాల కట్టకు చివర్లో కుట్టే తోకగా చూసినంతకాలం ఈ గొడవ తీరదు. కొలిచిన పటం అడ్వాన్సు కన్నా ముందే చేతికి రావాలి. మిగతా రెండూ అందులోంచే పుట్టాలి.

1908 రిజిస్ట్రేషన్ చట్టం 21వ సెక్షన్, ఆస్తిని గుర్తుపట్టడానికి సరిపడా వివరం లేని దస్తావేజును తీసుకోవద్దంటుంది. పటం జతచేస్తే దాని నిజప్రతులూ ఇవ్వాలంటుంది. అంతేగానీ నేల మీద కొలిచి గీసిన పటమే తెమ్మనదు. దాంతో భారమంతా చెక్కుబంది మీద, అంటే నాలుగు వైపుల హద్దుల వివరం మీద పడుతుంది. తూర్పు ఫలానావారి మామిడితోట, దక్షిణం వంక, పడమర బండ్లబాట, ఉత్తరం విక్రయదారు మిగులు భూమి. మామిడితోట ఎప్పుడో అమ్ముడుపోయినా పాత దస్తావేజులోని పేరే కొత్తదానిలోకి ఎక్కుతుంది. అన్నిటికన్నా ప్రమాదం ఆ ‘మిగులు భూమి’. రెండెకరాల్లో 50 సెంట్లు అమ్మినప్పుడు ఆ ఉత్తరపు గీత ఏ పటంలోనూ ఉండదు, నేల మీద రాయీ ఉండదు. గెనిమ (పొలం గట్టు) వేసిన చోటే హద్దు అనుకుంటారు. గెనిమ ఏటా దుక్కిలో కాస్త కాస్త జరుగుతూనే ఉంటుంది.

రీసర్వే కాని ఊళ్లలో పటానికి పునాది ఎఫ్‌ఎంబీ, అంటే సర్వే నంబరువారీగా కొలతలు రాసి ఉండే ప్రభుత్వ క్షేత్ర కొలతల పుస్తకం. అందులో మూల రాళ్లకు అక్షరాలు, వాటిని కలిపే గీతల మీద దూరాలు, ఆ గీతల నుంచి లంబంగా తీసిన ఆఫ్‌సెట్లు ఉంటాయి. పాత షీట్లలో ఈ అంకెలు లింకుల్లో ఉంటాయి. వంద లింకులు ఒక గొలుసు, అంటే 66 అడుగులు, 20.12 మీటర్లు. దీన్ని 20 మీటర్లుగా సరిచేసి లెక్కకట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఎకరాకు సెంటుకు పైనే తేడా వస్తుంది. ఇంకా పెద్ద తప్పు జిరాక్సు కాపీ మీద స్కేలు పెట్టి కొలవడం. కాపీ నూటికి రెండు పాళ్లు కుదించుకుపోతే విస్తీర్ణం నాలుగు పాళ్లు తగ్గుతుంది, ఎకరాకు నాలుగు సెంట్లు. షీటు మీద రాసిన అంకెలే ప్రమాణం, గీత పొడవు కాదు.

పని రాళ్లతో మొదలవ్వాలి. కనీసం మూడు పాత రాళ్లు దొరకాలి. వాటి మధ్య దూరాలు ఎఫ్‌ఎంబీ అంకెలతో కలిస్తేనే అవి కదలని రాళ్లని నమ్మవచ్చు. రెండే దొరికి, వాటి మధ్య దూరం కలవకపోతే ఏది జరిగిందో చెప్పలేం. అలాంటప్పుడు పక్క సర్వే నంబర్లలోకీ, అవసరమైతే ఊరి పొలిమేర రాయి దాకా వెళ్లాల్సిందే. మన జిల్లాల్లో ఇంకో చిక్కుంది. కార్వేటినగరం, శ్రీకాళహస్తి, పుంగనూరు జమీందారీల కింద ఉన్న ఊళ్లకు 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత గానీ రైత్వారీ సెటిల్‌మెంట్ (భూమిని రైతు పేరునే నేరుగా లెక్కలోకి ఎక్కించడం) రాలేదు. అంతకు ముందటి దస్తావేజుల్లో పైమాషీ నంబర్లు (పాత కొలతల నాటి నంబర్లు) కనిపిస్తాయి. ఏ పైమాషీ నంబరు ఏ సర్వే నంబరైందో రికార్డులో తేల్చుకోకుండా గీసిన పటం పక్కవాడి పొలానికి గీసినట్టే. డీకేటీ భూమో (ప్రభుత్వం పట్టా ఇచ్చిన భూమి), చెరువు పోరంబోకో, దేవుడి మాన్యమో కూడా పటం మీదే రాసి ఉండాలి. 22-ఏ జాబితాలో (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో) ఆ నంబరు ఉందో లేదో చూడాల్సిందీ అప్పుడే.

విస్తీర్ణం లెక్కలో పల్లెల్లో చలామణీలో ఉన్న పద్ధతి ఒకటుంది. ఎదురెదురు భుజాల సగటులు రెండూ గుణించడం. నాలుగు మూలలూ లంబంగా ఉంటేనే ఇది సరైన జవాబిస్తుంది. ఏ మూల వాలినా ఉన్నదానికన్నా ఎక్కువే చూపిస్తుంది, తక్కువ ఎప్పుడూ చూపదు. లాభం ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు. ఉదాహరణకు ఒక జత ఎదురెదురు భుజాలు 60 మీటర్ల చొప్పున, రెండో జత 70 మీటర్ల చొప్పున ఉన్న కయ్య తీసుకుందాం. మూల 75 డిగ్రీలకు వాలి ఉంది. సగటు లెక్కన 4,200 చదరపు మీటర్లు, అంటే ఎకరా మూడుముప్పావు సెంట్లు. నిజానికి ఉన్నది 4,057, అంటే దాదాపు ఎకరా. పొట్టి కర్ణం (మూల నుంచి ఎదురు మూలకు దూరం) 79.5 మీటర్లని ఒక్క కొలత తీసుకుని, రెండు త్రిభుజాలుగా విడగొట్టి లెక్కకడితే ఈ మోసం జరగదు. కర్ణం కొలత లేని స్కెచ్ మీద సెంట్లు రాసి ఉంటే వాటిని నమ్మొద్దు.

ఫోన్ జీపీఎస్‌తో పొలం చుట్టూ నడిచి విస్తీర్ణం తేల్చడం కొత్త అలవాటు. దాని తేడా మూడు నుంచి ఐదు మీటర్లు. చదరంగా ఉన్న ఎకరాకు భుజం 63.6 మీటర్లు. ఒక్క భుజం ఐదు మీటర్లు జరిగితే దాదాపు ఎనిమిది సెంట్లు గాలిలో కలుస్తాయి. తోటను దూరం నుంచి గుర్తుపట్టడానికి అది చాలు, అమ్మకానికి చాలదు.

2020 డిసెంబరులో మొదలైన రీసర్వే రోవర్లు (ఉపగ్రహ సంకేతాలతో కచ్చితంగా కొలిచే పరికరాలు), డ్రోన్లతో ఈ పనిని బాగా మార్చింది. అది మంచిదేనని ఒప్పుకోవాలి. కాకపోతే అందులో తయారయ్యే ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నేల మీది అనుభవాన్ని, అంటే ఎవరి స్వాధీనంలో ఎంత ఉందో దాన్ని కొలిచిన పటం. అనుభవం, హక్కు ఎప్పుడూ ఒకటి కావు. పాత 1-బీలోని (హక్కుల రికార్డులోని) విస్తీర్ణం, ఎల్‌పీఎంలోనిది, దస్తావేజులోది మూడూ పక్కపక్కన పెట్టి చూడాలి. జాయింట్ ఎల్‌పీఎం (కొందరి భూమి కలిపి ఒకే పటం) అయితే, భాగస్వాములు కూర్చుని హద్దులు విడగొట్టుకున్నాకే కొనుగోలు మాట. మరో సూక్ష్మం ఉంది, చాలామంది దీన్ని పట్టించుకోరు. రోవర్ బిందువులను యూటీఎం (గుండ్రటి భూమిని నిలువు పట్టీలుగా విడగొట్టి చదును పటంగా మార్చే పద్ధతి) 44వ జోన్ గ్రిడ్‌లో గీస్తారు. తిరుపతి దగ్గర గ్రిడ్ దూరం, నేల దూరం దాదాపు ఒకటే. కుప్పం ఆ జోన్ పడమటి అంచుకు దగ్గర. అక్కడ గ్రిడ్‌లో వంద మీటర్లుంటే టేపుతో ఐదారు సెంటీమీటర్లు తక్కువ వస్తుంది. పక్క రైతు టేపు తెచ్చి తప్పు పట్టకముందే ప్లాను మీద ‘గ్రిడ్ దూరాలు’ అని రాసిపెట్టుకోవడం నయం.

ప్లానింగ్ దరఖాస్తు దగ్గర దెబ్బతీసేవి దారి, నీళ్లు. బండ్లబాట ప్రభుత్వ దారా, పట్టా భూమిలోంచి పోయే అలవాటు దారా అన్నది ఎఫ్‌ఎంబీ, గ్రామపటం రెండూ చూస్తే తెలుస్తుంది. వెడల్పును మెయిన్ రోడ్డు నుంచి స్థలం దాకా పాతిక మీటర్లకోసారి కొలవాలి. అనుమతి నిలిచేది అతి తక్కువ వెడల్పు మీదే. గేటు ముందు వెడల్పు రాసి సరిపెట్టుకుంటే తనిఖీలో ఆగిపోతుంది. చెరువు సంగతి ఇంకా ముఖ్యం. 2017 భవన నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువైతే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే గీత) నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు వదలాలి. ఎండాకాలపు ఉపగ్రహ చిత్రంలో మన కుంటలు మైదానాల్లా కనిపిస్తాయి. ఆ చిత్రం మీద గీసిన ప్లానులో నీళ్లుండవు, ఎఫ్‌టీఎల్ గీత మాత్రం జలవనరుల శాఖ పటంలో ఉంటుంది. కుంటను ఆనుకున్న చదరపు ఎకరాలో 9 మీటర్ల పట్టీ పోతే 14 సెంట్లు కట్టుబడికి పనికిరాకుండా పోతాయి. ఆ సంగతి బేరంలో లెక్కకు రావాలి.

ముందే కొలిపిస్తే బేరం చెడుతుందని బ్రోకర్లు అంటారు. చెడనక్కర్లేదు. అగ్రిమెంటులో ఎకరా ధర కాకుండా సెంటు ధర రాసుకుని, ‘కొలతలో తేలిన సెంట్లకే సొమ్ము’ అని ఒక వాక్యం పెడితే సరిపోతుంది. కొలిచే రోజు నాలుగు వైపులా పక్క రైతులను పిలవాలి. రాయి పాతేటప్పుడు వాళ్లుండాలి, షీటు మీద సంతకాలు చేయాలి. ఎవరైనా చేయనంటే ఆ వైపు గీతను చుక్కలతో గీసి, ఎఫ్-లైన్‌కు (ప్రభుత్వ సర్వేయర్ వచ్చి హద్దు తేల్చడానికి) దరఖాస్తు పెట్టి, తేలేదాకా ఆ వైపు సెంట్ల సొమ్ము ఆపుకోవచ్చు.