కమాను బుష్షు గారికి ఒక పాత లారీ యజమాని విన్నపం

మహారాజశ్రీ కమాను బుష్షు గారి సముఖానికి,

అంబాజీపేట నుంచి ఒక పాత లారీ యజమాని నమస్కరించి రాసుకునేది. ఉత్తరం మొదట్లో ఉభయకుశలోపరి అని రాయాలని చిన్నప్పుడు బడిలో నేర్పారు. మన ఇద్దరిలో కుశలంగా ఉన్నవారెవరూ లేరన్న సంగతి, మన లారీ వస్తుంటే అరమైలు దూరం నుంచే ఊరందరికీ వినిపిస్తోంది కాబట్టి ఆ మాట రాయడం లేదు.

ముందు తమరి హోదా సంగతి. పాత లారీ కొనడానికి వచ్చినవాడు ఇంజను పొగ చూస్తాడు, టైర్ల అరుగుదల చూస్తాడు, కేబిన్ నెత్తిన రాసిన దేవుడి పేరు చూసి దణ్ణం కూడా పెడతాడు. తమరిని చూసిన పాపాన పోడు. ఇరుసు మీద లారీ బరువు మోసే ఉక్కు పట్టీల కట్టే కమాను. ఆ కమాను పట్టీ చివర చుట్టిన కంట్లో, పిన్ను చుట్టూ కడియంలా కూర్చుంటారు. తీసి చేతిలో పెట్టుకుంటే పిడికిట్లో ఇమిడిపోతారు. ఏడెనిమిది వేల కొబ్బరికాయలు, వాటి కింద తొట్టి, డ్రైవరు, అతని సెల్‌ఫోను పాటలు, అన్నీ కలిసి చివరకు తమరి నెత్తినే పడతాయి. తమరు ఒక్క నూలు అరిగితే చాలు, ఇరుసు తన దారి తాను చూసుకుంటుంది, స్టీరింగు ఎడమకు లాగుతుంది, ముందు టైరును రోడ్డు ఒక పక్కనే కొరికి తింటుంది.

ఇదంతా తమరి నిర్వాకమని తెలియక ఎందరిని అనుమానించానో. షాక్ అబ్జార్బర్లు మార్చాను. టైర్లు అటువి ఇటు వేయించాను. ఆఖరికి డ్రైవరునే మారుద్దామనుకున్నాను, అతను మా చిన్నాన్న కొడుకు కాకపోతే మార్చేవాడినే. అప్పుడు కమాను మేస్త్రి గారు గునపం మొనను కంటికీ, దాన్ని లారీ చట్రానికి వేలాడదీసే షాకిల్‌కూ మధ్య దూర్చి, ఒక్కసారి పైకి ఎత్తి వదిలారు. ‘టక్’ అన్నారు తమరు. “ఇదిగో బాబూ, దొంగ ఇక్కడున్నాడు” అన్నారాయన.

మా ప్రాంతం తమరి ఒంటికి పడదని నేనూ ఒప్పుకుంటాను. కాటన్ దొర 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టి 1852 నాటికి పూర్తి చేశారు. ఆయన విగ్రహానికి దండ వేసేవారిలో నేనూ ఒకడిని. కానీ ఆనకట్ట వస్తే కాలువలు వచ్చాయి, కాలువలు వస్తే గట్లు, గట్ల మీద రోడ్లు, పిల్లకాలువ అడ్డం వచ్చినచోటల్లా కల్వర్టు, కల్వర్టుకో గూని. ఎన్ని ఎకరాలు తడుస్తాయో దొర లెక్క వేశారు గాని, తమరు రోజుకు ఎన్ని గూనులు ఎక్కి దిగాలో వేయలేదు. కింద నల్లమట్టి ఎండకు బీటలు వారుతుంది, వానకు ఉబ్బుతుంది. దాని మీద తారు ఎంత నునుపుగా పరిచినా రెండో ఏటికి వేయించిన అప్పడంలా లేస్తుంది. అమలాపురం దాటి సముద్రం వైపు వెళ్తే, ముందు పోతున్న రొయ్యల బండి నుంచి ఉప్పునీళ్లు కారుతూ ఉంటాయి. అవి రోడ్డు మీద పడి, మన చక్రానికి చిందుకుని, తిన్నగా తమరి దర్శనానికే వస్తాయి.

తమరి మొదటి అవతారం గన్‌మెటల్. 88 పాళ్లు రాగి, 10 పాళ్లు తగరం, 2 పాళ్లు జింకు. ఒకప్పుడు ఫిరంగులు పోసిన లోహం. ఉప్పునీటికి తొందరగా లొంగదని ఓడ సామాన్లకూ వాడారు. అంతటి వంశంలో పుట్టి మా ఇంట్లో కొబ్బరికాయలు మోశారు, ఏం చేస్తాం, రాత. తమరిని లేతు మీద తిప్పి, లోపల గ్రీజు పారడానికి గాడి కోసి, కంట్లోకి దిగ్గొట్టి, పిన్నుకూ తమరికీ మధ్య వార్తాపత్రిక కాగితమంత సందు మిగిలేలా, రంధ్రాన్ని కొలతకు గీకే రీమరు తిప్పేవారు. ఇక మా నాన్నగారు. ఆదివారం పొద్దున్నే లారీ ఛాసిస్‌ను జాకీ మీద లేపేవారు. బరువు మోస్తున్న పిన్నుకు గ్రీజు కొడితే ఒక పక్కకే పోతుందని, బరువు దించితే చుట్టూ తిరుగుతుందని ఆయన చెప్పేవారు. నల్లబడ్డ పాత గ్రీజు అంచుల్లోంచి పురుగులా బయటికి వచ్చి, దాని వెనక పచ్చని కొత్త గ్రీజు తొంగిచూసే దాకా గన్ను నొక్కేవారు. ఆ తరవాతే ఇడ్లీ.

నాకు ఇడ్లీ ముందు కావాలి. మన గొడవంతా అక్కడే మొదలైంది.

లారీ నా చేతికి వచ్చిన ఏడాదికే గాడి ఎండిపోయింది. అందులోకి ఇసుక చేరి పిన్నునూ తమరినీ కలిపి సానపట్టింది. లోపం లోహానిదని నేను తీర్మానించాను. మా గోదావరి జిల్లాల్లో సలహాకు ఎప్పుడూ కరువు లేదు, దానికి ఆనకట్ట కూడా అక్కరలేదు. “గ్రీజే అక్కరలేని బుష్షు ఉండగా ఈ బాధ ఏమిటండీ” అన్నారు టీ కొట్టు దగ్గర ఒకరు.

అలా తమరు రబ్బరు అవతారం ఎత్తారు. లోపలొక ఇనుప గొట్టం, బయటొకటి, రెండింటినీ కరుచుకుని మధ్యలో రబ్బరు. ఈ అవతారంలో తమరు పిన్ను మీద తిరగరు. రబ్బరే మెలిపడి మళ్లీ విప్పుకుంటుంది. రాపిడి లేదు, కాబట్టి గ్రీజు లేదు. మొదటి వారం లారీ ఎక్కితే పడవ ఎక్కినట్టే ఉంది. కల్వర్టు మీంచి దూకినా తమరు నోరు విప్పలేదు. కనపడినవారికల్లా తమరి గొప్ప చెప్పుకున్నాను.

నాలుగు నెలలకు చిరిగిపోయారు. బిగించిన కుర్రాడు లారీని జాకీ మీదే ఉంచి, చక్రాలు గాలిలో వేలాడుతుండగానే బోల్టు ఆఖరి చుట్టు బిగించేశాడు. లారీ నేల మీదికి దిగగానే కమాను సాగింది, తమరు మెలిపడ్డారు, ఇక ఆ మెలికతోనే కాపురం. లారీ నిలబడినా మెలికే, నడిచినా మెలికే. మెడ పట్టేసినవాడిని రోజంతా తల ఊపమన్నట్టు. చక్రాలు నేల మీద ఆని, బరువు పడ్డాకే బిగించాలని అప్పుడు తెలిసింది. రెండో జత అలాగే బిగించాం. దానికి వేరే చావు రాసిపెట్టి ఉంది. మా క్లీనరు బుద్ధిమంతుడు. చెప్పని పని కూడా చేస్తాడు. ప్రతి శనివారం ఇంజనులోంచి తీసిన పాత ఆయిలును బ్రష్షుతో తమరికి పట్టించాడు, తలంటు పోసినంత శ్రద్ధగా. రబ్బరుకు ఆ నూనె పడదని అతనికి ఎవరూ చెప్పలేదు, నాకే తెలియదు. సార్వా కోతల నాటికి తమరు నానబెట్టిన శనగల్లా ఉబ్బి, గిల్లితే వేలికి అంటుకుని వచ్చే స్థితికి చేరారు. నూనె పెట్టకపోతే ఒక అవతారం చాలిస్తారు, పెడితే ఇంకొకటి చాలిస్తారు. ఇంత తేడా నైవేద్యాలు అడిగే దేవుడిని నేను మరొకరిని ఎరుగను.

ఆ ఉబ్బిన శవాన్ని కంట్లోంచి ఊడదీయడానికి కుర్రాడు గ్యాసు మంట తెచ్చాడు. మేస్త్రి గారు అతని చెయ్యి పట్టుకుని ఆపారు. కమాను పట్టీకి కొలిమిలో పెట్టిన పదును ఆ మంటకు పోతుందట. ప్రెస్సులో పెట్టి నెట్టించారు.

నైలాన్ అవతారం గురించి ఎక్కువ చెప్పను, ఇద్దరికీ పరువు తక్కువ. తెల్లగా, చవకగా, తుప్పు భయం లేకుండా ఉన్నారు. కానీ నైలాన్ నీళ్లు తాగుతుంది. బాగా నానితే తన బరువులో దాదాపు 9 శాతం దాకా. గోదావరి డెల్టాలో, అదీ ముసురు రోజుల్లో, నీళ్లు తాగే అలవాటున్నవారిని పనిలో పెట్టుకున్న తెలివి నాది. తమరు ఉబ్బి పిన్నును బిగబట్టారు. పాపం పిన్ను తిరగకుండా ఎలా ఉంటుంది, వెళ్లి, తనను లారీ చట్రానికి పట్టి ఉంచే హ్యాంగరు రంధ్రంలో తిరిగింది. గుండ్రటి రంధ్రం కోడిగుడ్డయింది. బుష్షు దగ్గర మిగుల్చుకున్నదానికి పదింతలు హ్యాంగరు దగ్గర వదిలించుకున్నాను.

మా బావమరిది హైదరాబాదులో ఉంటాడు, కొండలెక్కే జీపుల వాళ్లతో తిరుగుతాడు. ఎర్రగా నిగనిగలాడే పాలీయురేథేన్ బుష్షులు పెట్టెతో పంపాడు. “జీవితంలో మళ్లీ మార్చక్కరలేదు బావా” అన్నాడు. ఎవరి జీవితమో చెప్పలేదు. గట్టిదనం కొలిచే షోర్ లెక్కలో మామూలు రబ్బరు 60 దగ్గర ఉంటే, ఈ అవతారంలో తమరు 90 దగ్గర కూర్చున్నారు. స్టీరింగు తిన్నగా నిలబడింది, కాదనను. కానీ రోడ్డు మీద రూపాయి బిళ్ల పడి ఉంటే, అది బొమ్మో బొరుసో డ్రైవరు నడుముకు తెలిసిపోయేది. పైగా ఇందులోనూ తమరు గొట్టం మీద తిరగవలసినవారే కాబట్టి సిలికాన్ గ్రీజు కావాలట. అంటే మామూలు గ్రీజు తప్పించుకోవడానికి ఇల్లు వదిలి, ఊళ్లన్నీ తిరిగి, ఖరీదైన గ్రీజు గుమ్మంలో తేలాను. పెట్టెలో వచ్చిన పొట్లం అయిపోయాక కీచు మొదలుపెట్టారు. తెల్లవారుజామున లారీ సందులోకి వస్తే, గానుగ వచ్చిందనుకుని ముసలమ్మలు నువ్వుల మూట వెతుక్కునేవారు.

ఈ పాలీయురేథేన్ కులంలో రెండు తెగలున్నాయని తరవాత తెలిసింది. పాలియెస్టర్ తెగ నూనెకూ రాపిడికీ గట్టిదే గాని, వేడీ తేమా కలిసినచోట నీరు దాన్ని లోపలినుంచి విడగొడుతుంది. పాలీఈథర్ తెగ నీటిని ఓర్చుకుంటుంది. పెట్టె మీద గద్ద బొమ్మ ఉంది గాని తెగ పేరు లేదు. రెండో వానాకాలానికి అంచులు పిండిలా రాలడం చూసి తమరిది ఏ తెగ అయి ఉంటుందో నేనే ఊహించుకున్నాను. ఎండు నేల మీద తిరిగే జీపుకు ఆ బుష్షులు బాగానే ఉంటాయేమో, మా బావమరిది ముఖం చూసి ఆ మాట అంటున్నాను.

మొన్న మేస్త్రి గారు ఒక్కటే అడిగారు. “బాబూ, ఈ లారీ కొత్తగా వచ్చినప్పుడు కమాను కంట్లో ఏముంది? షాక్ అబ్జార్బరు చివర ఏముంది?” కంట్లో గన్‌మెటల్, షాక్ చివర రబ్బరు అన్నాను. “మరి పిన్ను మధ్యలో గ్రీజు పోవడానికి రంధ్రం తొలిచి పెట్టినవాడు అది పనీపాటా లేక తొలిచాడంటారా?” అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

కాబట్టి తమరిని మళ్లీ గన్‌మెటల్‌గా ఆవాహన చేస్తున్నాను. దానికీ తిప్పలు పడ్డాను. ఒక కొట్టులో గన్‌మెటల్ అంటూ ఇత్తడి చేతిలో పెట్టారు. ఆకురాయితో గీరితే పసుపు తేలింది. అసలుది రాగి వైపు ఎర్రగా మొగ్గుతుంది. షాక్ అబ్జార్బరు చివర్లకు రబ్బరే వేయించాను, వాటి జోలికి వెళ్లవద్దని క్లీనరు చేత సత్యనారాయణస్వామి మీద ప్రమాణం చేయించాను. నాన్నగారి గ్రీజు గన్ను అటక మీద దొరికింది. అందులో బల్లి గుడ్లు పెట్టింది. వాటిని జాగ్రత్తగా వేరేచోటికి మార్చి, గన్ను కిరసనాయిలుతో కడిగాను.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి భారం మోస్తూ, తమరి చేత మోయించుకుంటున్న
ఒక లారీ యజమాని

తా.క. ఈ ఆదివారం జాకీ వేసి కూర్చున్నాను. వెనక ఎడమ షాకిల్ దగ్గర గ్రీజు ఎక్కించే నిపుల్ మూసుకుపోయినట్టుంది, ఎంత నొక్కినా గ్రీజు తమరి దగ్గరికి వెళ్లకుండా నా చొక్కా మీదికి వస్తోంది. తమరి వైపు నుంచి ఏమైనా చేయగలిగితే చేయండి. ఇడ్లీ చల్లారిపోతోందని ఇంట్లోంచి రెండోసారి పిలిచారు.