వాన లెక్క, దుడ్ల లెక్క

మా ఇల్లు రెండు రాజ్యాల సరిహద్దులో ఉందని పోయిన నెలే తెలిసింది. సరిహద్దు సరిగ్గా హాలుకీ వంటింటికీ మధ్యనున్న గడప మీదుగా పోతోంది. హాల్లో పేపరు చదువుకుంటున్నంతసేపు నేను ఒక బ్యాంకు ఏటీఎం పాలనలో ఉంటాను. మంచినీళ్ళకని లేచి వంటింట్లో అడుగుపెట్టగానే ఇంకో బ్యాంకు ఏటీఎం ప్రజనైపోతాను. మా ఆవిడ రోజుకు ఎన్నిసార్లు దేశం దాటుతోందో ఆమెకే తెలియదు.

ఈ సంగతి కనిపెట్టింది మా మేడ మీద పోర్షన్‌లో అద్దెకుండే అబ్బాయి. ఏటీఎం ఎక్కడ పెడితే బాగా నడుస్తుందో మ్యాపులు గీసి చెప్పడం అతని ఉద్యోగం. ల్యాప్‌టాప్ తెరిచి చూపిస్తే తిరుపతి మొత్తం మా అవ్వ కుట్టిన బొంతలా కనిపించింది, రంగురంగుల అతుకులతో. ఆ మాటే అన్నాను. "అతుకులు కాదంకుల్, థీసెన్ బహుభుజులు" అన్నాడు కాస్త నొచ్చుకుని.

పద్ధతి తేలికే. పక్కపక్కనున్న రెండు యంత్రాల మధ్య సరిగ్గా సగం దూరంలో అడ్డంగా గీత గీస్తారు. గీతకు ఇటున్నవాళ్ళు ఈ యంత్రానికి, అటున్నవాళ్ళు ఆ యంత్రానికి. అన్నిటికీ ఇలాగే గీస్తూ పోతే ఊరు ముక్కలై, ఒక్కో ముక్క ఒక్కో యంత్రానికి మార్కెట్ ఏరియా అవుతుంది. మనిషన్నవాడు దగ్గరున్న యంత్రం దగ్గరికే పోతాడని దీని నమ్మకం.

ఈ థీసెన్ అమెరికా వాతావరణ శాఖ మనిషి. 1911లో ఆయన ఈ ఉపాయం చెప్పింది డబ్బు కోసం కాదు, వాన కోసం. వర్షమాపకాలు ఎక్కడో ఒకటీ అరా ఉంటాయి, మధ్యలో ఎంత కురిసిందో ఎవరికీ తెలియదు, కాబట్టి దగ్గరి మాపకంలో ఎంత పడితే ఆ చుట్టుపక్కల కూడా అంతే పడిందనుకుందాం అన్నాడు. వాన లెక్కకు పుట్టిన పద్ధతిని తీసుకొచ్చి డబ్బు లెక్కకు వాడాలంటే రాయలసీమను మించిన చోటు దొరకదు. మాకు రెండూ ఒకేలా వస్తాయి. మబ్బు పడుతుంది, అందరం తలెత్తి చూస్తాం, పక్క వీధిలో కురిసి వెళ్ళిపోతుంది. పైగా మా వైపు డబ్బును దుడ్లు అంటాం, లెక్క అని కూడా అంటాం. "లెక్క ఉండాదా?" అని అడిగితే గణితం గురించి కాదు. ఆ అబ్బాయి మ్యాపులో లెక్క ఉంది, యంత్రంలో లెక్క లేదు. తేడా అంతే.

మన మీద బ్యాంకులకు ఇంత ప్రేమ ఎందుకంటే, పరాయి బ్యాంకు కార్డు పెట్టి డబ్బు తీసిన ప్రతిసారీ ఆ కార్డు ఇచ్చిన బ్యాంకు, యంత్రం సొంతదారుకు రుసుము కట్టాలి. 2025 మే 1 నుంచి అది 19 రూపాయలు. మెట్రో కాని మనలాంటి ఊళ్ళలో పరాయి యంత్రం దగ్గర నెలకు ఐదుసార్లు ఉచితం, ఆ తర్వాత ప్రతిసారీ మన దగ్గర 23 రూపాయల దాకా లాగొచ్చు. బ్యాలెన్స్ చూసుకోవడం కూడా ఆ ఐదులోకే వస్తుంది. అందువల్ల మన ఇళ్ళు, వీధులు, మనం కూర్చునే అరుగులు ఎవరి బహుభుజిలోకి వస్తాయన్నది చిన్న విషయం కాదు.

బహుభుజులు నచ్చనివాళ్ళకు వృత్తాలున్నాయి. యంత్రాన్ని మధ్యలో పెట్టి కిలోమీటరు వృత్తం గీయడమే. ఆ అబ్బాయి ముచ్చటపడి కపిలతీర్థం దగ్గర ఒకటి గీశాడు. చాలా భాగం కొండ మీదికెక్కింది. అందులో ఎంతమంది ఖాతాదారులు రావచ్చని అడిగాను. ఆ కొండ మీది కోతులకు ఆధార్ ఇంకా లింక్ కానట్టుంది. వృత్తానికి రైలు పట్టాలు తెలియవు, శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ మీద బండిలో దూసుకుపోయేవాడు కింద ఏటీఎం కనబడినా దూకలేడనీ తెలియదు. వీటికి మందుగా రోడ్డు వెంబడి ప్రయాణ నిమిషాలు కొలిచే పద్ధతి ఉందట. మంచిదే. గరుడసేవ రోజు బస్టాండు దగ్గర నిలబడి ఆ నిమిషాలు కొలవమని మాత్రం చెప్పి ఊరుకున్నాను.

ఆకర్షణ సిద్ధాంతం ఇంకా గొప్పది. 1931లో రైలీ అనే అమెరికా ఆయన న్యూటన్‌ను బజారులోకి దింపాడు. ఊరు ఎంత పెద్దదైతే అంత జనాన్ని లాగుతుంది, దూరం పెరిగేకొద్దీ ఆ లాగుడు తగ్గుతుంది అన్నాడు. తిరుపతిలో ఇది చెల్లదు. న్యూటన్ లెక్కన ఏదైనా కిందికి పడాలి, మా ఊళ్ళో దుడ్లు పైకి పోతాయి, అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి మరీ. కింద ఏటీఎంలో తీసింది పైన హుండీలో పడుతుంది. యూపీఐ వచ్చింది కదా అనేవాళ్ళకు ఒకటే మాట: పసుపు గుడ్డలో ముడుపు కట్టినవాళ్ళను చూశాను, క్యూఆర్ కోడ్ కట్టినవాళ్ళను చూడలేదు. ఇంకో చిక్కు, మ్యాపు కింద పరిచింది 2011 జనాభా లెక్కలు. అందులో మేమున్నాం. రాత్రి రైలు దిగి, ప్లాట్‌ఫారం మీద పడుకుని, తెల్లవారకముందే మా యంత్రాన్ని ఊడ్చేసి కొండెక్కే యాత్రికుడు లేడు.

1960లలో హఫ్ అనే ఆయన కాస్త మనుషుల్ని చూసి రాసినట్టున్నాడు. ఎవరూ పూర్తిగా ఒక దుకాణం సొత్తు కాదు, ఇక్కడికి వచ్చే అవకాశం ఇంత, అక్కడికి పోయే అవకాశం ఇంత అని పంచాడు. దూరంతోపాటు ఆకర్షణ కూడా లెక్కలోకి వస్తుంది. మా మేడ మీది అబ్బాయి ఆకర్షణ కింద ఏసీ, లైట్లు, బండి నిలిపే చోటు రాసుకున్నాడు. లోపల నోట్లుంటే దానికెన్ని మార్కులని అడిగాను. "ఆ కాలమ్ లేదంకుల్" అన్నాడు.

ఆ కాలమ్ మా వీధి చివర టీ కొట్టులో ఉంది. అక్కడి నుంచి చూస్తే మూడు ఏటీఎంలు కనిపిస్తాయి. మొన్న సాయంత్రం కార్డు తీసుకుని దగ్గరున్న దానికే బయల్దేరాను, బహుభుజి ధర్మం తప్పకుండా. గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో వాచ్‌మన్. నేను రెండో మెట్టు మీద ఉండగానే ఫోను మీంచి కళ్ళెత్తకుండా, ఎడమ చెయ్యి కొంచెం లేపి, అరచేతిని ఒక్కసారి అటు తిప్పి ఇటు తిప్పాడు. ఏ శాటిలైటూ అంత క్లుప్తంగా సమాచారం పంపలేదు. వెనక్కి తిరిగితే టీ కొట్టు ఆయన గ్లాసు కడుగుతూ, "ఆడ లేవు సామీ. పొద్దన్నించి లోపలికి పోయినోళ్ళు యెవురూ నవ్వుతా బయటికి రాలే" అన్నాడు. రెండోది? "ఉండాయి గానీ అన్నీ ఐదునూర్లే." మూడోది? దాని పేరెత్తగానే తలకాయ అడ్డంగా ఊపి పాలు పొంగుతున్నాయని లోపలికి పోయాడు.

మ్యాపులో ఈ మూడూ మూడు చుక్కలు. నిండినా చుక్కే, ఎండినా చుక్కే. నెల మొత్తం మీద పది గంటలకు మించి యంత్రం ఖాళీగా ఉంటే పదివేల రూపాయల జరిమానా అని రిజర్వ్ బ్యాంకు 2021 అక్టోబరు నుంచి నిబంధన పెట్టింది. ఖాళీ అయిన సంగతి బ్యాంకు కంప్యూటరుకు తెలుస్తుంది, వాచ్‌మన్‌కు తెలుస్తుంది, టీ కొట్టుకు తెలుస్తుంది. చుక్కకు తెలియదు.

యంత్రాలను తిట్టడం నా ఉద్దేశం కాదు. ఇది మా ఊరి సంప్రదాయం. స్వామి పెళ్ళికి కుబేరుడి దగ్గర అప్పు చేశాడు, ఆ అప్పు తీర్చే దుడ్లు కొలిచే పని అన్న గోవిందరాజస్వామి మీద పడింది. కొలిచి కొలిచి అలిసిపోయి, కుంచాన్నే తల కింద పెట్టుకుని పడుకున్నాడని కథ. గుడికి పోతే ఇప్పటికీ అలాగే దర్శనమిస్తాడు. మా వీధి యంత్రాలు ఆయన బాటే పట్టాయి, కాకపోతే కొలిచే భాగం వదిలేసి నేరుగా పడుకుంటున్నాయి.

మా వాడి రిపోర్టు తయారైంది. మా పేట ముదురాకుపచ్చ రంగులో ఉంది. అంటే వృత్తంలో మూడు యంత్రాలున్నాయి, సేవలు సమృద్ధి, కొత్తది అక్కర్లేదు అని.

ఒకటో తారీఖు అద్దె నోట్లుగా చేతికిస్తే తప్ప మా ఆవిడకు తృప్తి ఉండదు. ఆ రోజు అతను రాత్రి తొమ్మిదింటికి చొక్కా తడిసిపోయి, హెల్మెట్ చంకలో పెట్టుకుని వచ్చాడు. "రేణిగుంట దాకా పోవాల్సొచ్చిందంకుల్" అన్నాడు. మా ఆవిడ గడప మీద నిలబడి నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని లోపలికి తీసుకుపోయింది. అవి ఏ బహుభుజిలోకి జమ అయ్యాయో అతన్ని అడగాలనుకున్నాను గానీ, ముందు మంచినీళ్ళివ్వమన్నాడు.